ఆపుట యను విద్య

కణములను ప్రయోగశాలలో ఉద్రేకింపజేయుట సులభము. ఉద్రేకించినదానిని కోరిన క్షణమున నిలుపుటయే కష్టము. అధివృక్క గ్రంథి దవ్వలో అడ్రినలిన్‌ను స్రవించు క్రోమాఫిన్ కణములపై నికోటిన్ ప్రయోగించి, లోపలి ఎంజైముల వ్యాపారమును గమనించు పనిలో కొంతకాలము గడపినవాడను గనుక ఈ మాట చెప్ప సాహసించుచున్నాను.

కబేళా నుండి మంచులో తెచ్చిన ఎద్దు గ్రంథులకు కొవ్వు ఒలిచి, సిర గుండ లవణద్రావణము నెక్కించి రక్తమును కడిగి, పిదప కొల్లాజినేస్ పంపినచో దవ్వ క్రమముగా మెత్తబడును. ఆ మెత్తదనము చాలకున్న కణములు విడివడవు. మితిమీరినచో విడివడినవి బ్రదుకవు. బ్రదికినవానిని పళ్లెములలో పరచి, కొన్ని దినములు కదపక విడువవలయును.

దేహమందు ఈ కణములను ప్రేరేపించునది నాడుల కొసలనుండి వెలువడు ఎసిటైల్‌కోలిన్ అని ఫెల్డ్‌బర్గ్ ప్రభృతులు 1934లో నిరూపించిరి. దానిని విచ్ఛేదించుటకు ఒక ఎంజైము సిద్ధముగా నుండును. ఎసిటైల్‌కోలిన్ కూర్చుండు గ్రాహకముపైనే వచ్చి కూర్చుండు నికోటిన్ జోలికి ఆ ఎంజైము పోదు. గ్రాహకము తెరచుకొనగా సోడియమును, ఆ వెనుక వేరొక ద్వారమున కాల్షియమును కణములోనికి ప్రవేశించును. స్రావమునకు కాల్షియము ఎంత ముఖ్యమో డగ్లస్, రూబిన్‌లు 1961లో చూపిరి. అయితే ఆ కాల్షియము అడ్రినలిన్‌ను వెడలించుటతో తృప్తినొందక, కైనేస్‌లను ఉద్దీపింపజేయును. అవి ఏటీపీ నుండి ఒక ఫాస్ఫేట్‌ను గ్రహించి ఎంజైమగు టైరోసిన్ హైడ్రాక్సిలేస్‌పై నిలుపును. ఆ ఏటీపీని 1929లో ఫిస్క్‌తో గూడి వెల్లడించిన భీమవరపు బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారిని మా పనిలో తలచుకొనని దినము అరుదు.

అడ్రినలిన్ తయారీకి తొలిమెట్టు ఈ హైడ్రాక్సిలేసే. ఉత్పత్తియైన పదార్థము తిరిగివచ్చి దానిని అణచుచుండును. దాని 40వ స్థానమందలి సెరీన్‌పై ఫాస్ఫేట్ చేరగానే ఆ పట్టు సడలును. ధాన్యపు బండి ఊరు దాటకమునుపే నారుమడికి నీరు పెట్టించు రైతువలె, కణము వ్యయమును, పునరుత్పత్తిని ఒకే కాల్షియము చేత నడిపించుకొనును.

చిక్కంతయు కాలములో నున్నది. 19వ సెరీన్ కొన్ని సెకనులలోనే ఫాస్ఫేట్ ధరించును. 31వది నిమిషముల మీద గాని నిండదు. అదిగాక, ఫాస్ఫేట్‌ను ఊడదీయు ఎంజైములు నిరంతరము పొంచియుండును గనుక, నికోటిన్ ద్రావణమును తీసివేసిన మరుక్షణమే కణములను ఛేదించి, ఆ ఎంజైములను నిర్వీర్యము చేయవలెను. ఆలస్యమైనచో పరీక్షించునది నికోటిన్ పనిని కాదు, మన మందకొడితనమును. నికోటిన్‌ను ఎక్కువసేపు ఉంచితిమా, గ్రాహకమే మొద్దుబారి మందు ఎదుటనుండగనే మూగవోవును. నికోటిన్ లేని ద్రావణమును సైతము అదే చేతితో, అదే వేగమున మరియొక పళ్లెమున పోయవలెను. కుదుపునకే కణము కలతపడినదేమో తెలిసికొనుటకు వేరు దారి లేదు.

దీనినిబట్టి చుట్ట కాల్చువాని గ్రంథిలో జరుగునదంతయు చూచితిమని చాటుట తొందరపాటు. పళ్లెమున మేము సాధారణముగా వాడునది 10 మైక్రోమోలార్ ప్రాంతపు గాఢత. పొగ త్రాగువాని రక్తమున అది ఒక మైక్రోమోలార్‌కైనను చేరుట అరుదు. వాని నికోటిన్ మెదడును, నాడీగ్రంథులను గూడ తాకి, ఆ మార్గమున సైతము అడ్రినలిన్‌ను పెంచును. పళ్లెములో మెదడు లేదు, నాడులు లేవు. ఆ నిరాడంబరతయే మాకు కావలసినది, మా వాక్కునకు హద్దు గీయునదియు నదియే.