ఇంజను ఎక్కడ కూర్చోవాలి

అమెరికాలోని సిరక్యూస్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు ఈ వారం ఒక వీడియో పంపాడు. ఒక ఇంటి వెనక షెడ్డు. గొట్టాలు వంచి వెల్డింగు చేసిన చట్రం, దాని మధ్యలో సీటు, సీటు వెనక షెవర్లే బిగ్ బ్లాక్ ఇంజను. సూపర్‌మాడిఫైడ్ కారు కడుతున్నారు. అందులోనూ వెనక ఇంజనుది. చూసినకొద్దీ ఆనందం వేసింది. కింద వాడి ప్రశ్న: "మావయ్యా, ఇండియానాపొలిస్‌లో ఈ సంగతి 1965లోనే తేలిపోయింది కదా. ఇక్కడి వాళ్ళు ఇంకా ఇంజను ముందు పెట్టుకుని ఎందుకు తిరుగుతున్నారు?"

వాడుండే చోటికి గంటలోపు ప్రయాణంలో, ఒంటారియో సరస్సు ఒడ్డున ఆస్వీగో ఉంది. అక్కడి ట్రాకు 1951 నుంచీ నడుస్తోంది. చుట్టు మైలులో అయిదెనిమిదో వంతు, అంటే ఒక కిలోమీటరు. వేసవి శనివారాల్లో అక్కడ పరిగెత్తేవి సూపర్‌మాడిఫైడ్లు. వీటిని ఏ కంపెనీ తయారుచెయ్యదు. షెడ్లలో, చిన్న వర్క్‌షాపుల్లో పుడతాయి. మిథనాల్ తాగుతాయి. సొంతంగా స్టార్టు కావు, వెనక నుంచి ట్రక్కు తోస్తే అందుకుంటాయి. ఎప్పుడూ ఎడమకే తిరగాలి కాబట్టి ఇంజనును చట్రానికి ఎడమ పక్కకి జరిపి బిగిస్తారు. ముందు నుంచి చూస్తే కారు సగం ఎవరో కోసుకుపోయినట్టు ఉంటుంది. నాకు తెలిసిన రేసు కార్లలో ఇంత నిజాయితీగా కనిపించేది ఇంకోటి లేదు. దాని పనేమిటో దాని ఆకారమే చెప్పేస్తుంది.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా పాత పట్టుదల తెలుసు. చేత్తో యంత్రం కట్టేవాడికి నిబంధనల పుస్తకం అడ్డం రాకూడదు. కాబట్టి మేనల్లుడి పక్షానే వాదించాలని కూర్చున్నాను. వాదనకి సరుకూ ఉంది. 1961లో జాక్ బ్రాభమ్ వెనక ఇంజను కూపర్ కారు తెచ్చి, ఇండియానాపొలిస్‌లో జరిగే పెద్ద రేసు ఇండీ 500లో తొమ్మిదోవాడిగా వచ్చాడు. మిగతా కార్లలో 4.2 లీటర్ల ఆఫెన్‌హౌసర్ ఇంజన్లుంటే, అతని కారులో ఉన్నది 2.7 లీటర్లది. 1963లో వెనక ఇంజను లోటస్‌లో జిమ్ క్లార్క్‌కి రెండో స్థానం. 1965లో అదే క్లార్క్ 200 ల్యాపుల్లో 190 ముందుండి గెలిచాడు. ముందు ఇంజను కారు ఆఖరుసారి గెలిచింది 1964లో, ఏ.జె. ఫాయిట్ చేతుల్లో. అంతే, మళ్ళీ గెలవలేదు.

ఇంజను చోటు మాట వచ్చేసరికి నాకు ఆటోనగర్ గుర్తొచ్చింది. బెజవాడలో నా కుర్రతనంలో పెట్రోలు జీపుల్లో డీజిలు ఇంజన్లు ఎక్కించడం పెద్ద పని. చిన్నాన్న జీపుకి మెటడోర్ వ్యాను ఇంజను వేయించడానికి వెళ్ళినప్పుడు నేనూ షెడ్డులో రోజంతా కూర్చునేవాణ్ణి. మేస్త్రి ముందు రెంచి పట్టుకోలేదు. చాక్‌పీసు తీసుకుని నేల మీద గీతలు గీశాడు. ముందు ఇరుసు ఇక్కడ, వెనక ఇరుసు ఇక్కడ, డ్రైవరు ఇక్కడ. తరవాత ఇంజనుని గొలుసుకి వేలాడదీసి, ముందుకీ వెనక్కీ జరుపుతూ చాలాసేపు చూశాడు. చిన్నాన్న తొందరపడ్డాడు. "పాత ఇంజను ఉన్నచోటే పెట్టెయ్యవయ్యా."

"పాతది తేలిక బాబూ. ఇదక్కడ పెడితే బండి మూతి దిగుతుంది, చక్రం మీ చేతికి రాదు" అన్నాడు మేస్త్రి. డ్రైవరు కాళ్ళ ముందున్న రేకు కోసి, ఇంజనుని నాలుగు వేళ్ళు వెనక్కి నెట్టాడు. నాలుగు వేళ్ళే. దానికోసం గేరు రాడ్డు వంచాలి, ప్రొపెల్లర్ షాఫ్టు కోసి మళ్ళీ అతకాలి, మౌంటింగులు కొత్తగా చెయ్యాలి. షాఫ్టు పొట్టిదైంది కాబట్టి వెనక ఇరుసు ఎగిరినప్పుడల్లా క్రాసు ఎక్కువ కోణంలో విరుచుకుంటుందని, ముందూ వెనకా కమాను పట్టీలు కూడా మార్చాడు. అంతా అయ్యాక చిన్నాన్నని బెంజి సర్కిల్ దాకా నడిపించి తీసుకొచ్చి, ఒకే ఒక్క మాట అడిగాడు: "చక్రం చేతికొచ్చిందా?" ఇంజను ఎలా లాగుతోందని అడగనే లేదు. బరువుని అంగుళాల్లో కదిపితే బండి స్వభావమే మారుతుందని, ఒకటి కదిపితే పది కదపాలని నాకు తెలిసింది ఆ షెడ్డులోనే. ఆ మేస్త్రికి ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. చట్రం మీద ఆయన లెక్క తప్పడం నేను చూడలేదు.

ఆ చాక్‌పీసు గీతలతోనే మేనల్లుడి వీడియో మళ్ళీ చూశాను. ఇంజను వెనక ఉంటే వెనక చక్రాల మీద బరువు పడుతుంది, మలుపులోంచి బయటికొచ్చేటప్పుడు పట్టు బాగా దొరుకుతుంది. చిన్న ట్రాకు మీద రేసంటే సగం అదే. బరువంతా నడిమికి చేరడంతో కారు చటుక్కున తిరుగుతుంది. కానీ చటుక్కున తిరిగేది చటుక్కున జారుతుంది కూడా. మలుపులోకి దిగేటప్పుడు ముందు చక్రాల మీద బరువు చాలక ముక్కు గోడవైపు లాగుతుంది, సరిదిద్దేలోపు తోక ముందుకొస్తుంది. ముందు ఇంజను కారులో డ్రైవరు దాదాపు వెనక ఇరుసు దగ్గర కూర్చుంటాడు కాబట్టి జారడం నడుముకే తెలుస్తుంది. వెనక ఇంజను కారులో ముందుకి జరిగి కూర్చుంటాడు. జారుడు ఆలస్యంగా తెలుస్తుంది, గోడ తగిలితే కాళ్ళు ముందు తగులుతాయి. ఇవన్నీ పరిష్కరించలేని చిక్కులు కావు. ఇండీ మార్పు తరవాత సూపర్‌మాడిఫైడ్లలోనూ కొందరు వెనక ఇంజను కార్లు కట్టారు, అవి బాగానే పరిగెత్తాయి. డబ్బూ ఓపికా ఉంటే అవి గెలవగలవు. నన్ను భయపెట్టింది సరిగ్గా అదే.

ఇండీలో వెనక ఇంజను గెలిచాక ఏం జరిగింది? కాలిఫోర్నియాలో ఏ.జె. వాట్సన్ లాంటివాళ్ళు అపురూపంగా చేసిన ముందు ఇంజను రోడ్‌స్టర్లు నాలుగైదేళ్ళలో పనికిరానివైపోయాయి. 1966లో ముప్పై మూడు కార్లలో ముందు ఇంజనుది ఒక్కటే. తరవాత ఆ రోడ్‌స్టర్లలో కొన్ని ఎక్కడికి వెళ్ళాయో తెలుసా? చిన్న ట్రాకులకి. కొని, కోసి, పెద్ద ఇంజన్లు ఎక్కించి సూపర్‌మాడిఫైడ్లుగా పరిగెత్తించారు. పెద్ద రేసు వెళ్ళగొట్టిన చేతిపనికి చోటిచ్చింది ఆస్వీగో లాంటి ట్రాకులే.

ఇప్పుడు ఆ చిన్న ట్రాకులోనే అదే మార్పు వస్తే? ఇండీ వెనక అప్పట్లో ఫోర్డు లాంటి కంపెనీల డబ్బుండేది. పాత కార్లు పోతే కొత్తవి వచ్చాయి. ఇక్కడ కారు కట్టేవాడు పగలు వేరే పని చేసుకుని రాత్రి షెడ్డుకొచ్చేవాడు. వాడి చట్రం పదేళ్ళు, ఇరవై ఏళ్ళు చేతులు మారుతూ బతుకుతుంది. ఒక్క సీజనులో షెడ్లన్నిట్లో ఉన్న చట్రాలు తుక్కు కింద తూగితే, కొత్తది కట్టగలిగేది ఇద్దరో ముగ్గురో. ఇద్దరు ముగ్గురితో రేసు ఉండదు. రేసు లేనిచోట మేస్త్రి ఉండడు. ఇక్కణ్ణుంచి వెళ్ళగొడితే ఈ కార్లు తలదాచుకోవడానికి ఇంకో చిన్న ట్రాకు లేదు.

అందుకని ఏళ్ళ తరబడి రాస్తున్న మాటకి ఇవాళ ఎదురు రాస్తున్నాను. వీడియోలోని మనిషి కారు పూర్తి చెయ్యాలి. ప్రాక్టీసులో, ప్రదర్శనలో పరిగెత్తించాలి, దాన్ని చూసి మిగతావాళ్ళు నేర్చుకోవాలి. శనివారం పోటీలో మాత్రం ఇంజను డ్రైవరు ముందే ఉండాలని ఏ ట్రాకువాళ్ళైనా రాస్తే, ఆ నిబంధన మీద నేను సంతకం పెడతాను. ఎడమకి ఎంత జరుపుకుంటారో, గొట్టం ఎలా వంచుకుంటారో, స్ప్రింగు ఎక్కడ వేలాడదీస్తారో అది వాళ్ళ ఇష్టం. నిబంధనల పుస్తకంలో నేను ఒప్పుకునే వాక్యం ఇదొక్కటే.