మా పుస్తకం ఏ గూట్లో?

మా నానా హైదరాబాద్ రియాసత్ రోజుల్లో ఒక చిన్న ఉర్దూ నజ్ముల పుస్తకం అచ్చు వేయించుకున్నారు. ఇంట్లో మిగిలిన ఒక్క కాపీనీ చెదలు తిన్నాయి. "ఎక్కడన్నా దొరుకుతదేమో చూడు బేటా" అని అమ్మీ ఎన్నోసార్లు అడిగింది. చివరికి ఒక డిజిటల్ గ్రంథాలయంలో, నెలరోజులు ఒక్కొక్క బొమ్మా తిప్పితే దొరికింది. దాని పక్కన వివరాలిట్లా ఉన్నాయి. రచయిత: తెలియదు. భాష: అరబీ. విషయం: ఇస్లాం. సంవత్సరం: 1340.

నాలుగు గళ్లు. నాలుగూ తప్పే.

ముఖపత్రం మీద నానా పేరు, తఖల్లుస్‌తో సహా, పెద్ద నస్తాలీఖ్ అక్షరాల్లో ఉంది. భాష ఉర్దూ. నజ్ములేమో మూసీ మీద, వానల మీద, వడ్డీ వ్యాపారి మీద. ఇక 1340 పక్కన 'ఫస్లీ' అని స్పష్టంగా అచ్చయి ఉంది. నిజాం రాజ్యంలో నడిచిన ఫస్లీ లెక్కకు 590 కలిపితే 1930-31 అవుతుంది. హిజ్రీ అనుకుంటే 1921-22. ఏమీ అనుకోకుండా రాస్తే ఐరోపాలో అచ్చుయంత్రం పుట్టకముందే మా నానా పుస్తకం వేసినట్టు!

పుస్తకం గురించిన ఈ వివరాలనే మెటాడేటా అంటున్నారు. పాత గ్రంథాలయంలో కార్డు తప్పయినా బీరువా ముందు నిలబడి వెతుక్కునేవాళ్లం. తెర మీద బీరువా లేదు. వివరం తప్పయితే పుస్తకం ఉండీ లేనట్టే. 2000ల తొలి ఏళ్లలో మొదలైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా తెలుగు, ఉర్దూ పుస్తకాలెన్నింటినో స్కాన్ చేసింది. దానికి మనమంతా రుణపడి ఉన్నాం. కానీ వాటిలో చాలా పుస్తకాల పేర్లు ఇంగ్లీషు లిపిలో, తోచిన స్పెల్లింగుతో ఎక్కాయి. ఆ ప్రతులు తర్వాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరాయి. తప్పులూ వాటితోపాటే ప్రయాణం చేశాయి.

ఇది కుట్ర అని నేననను. ఉర్దూ రానివాళ్ల ముందు ఉర్దూ పుస్తకాల కుప్ప పోసి, రోజుకిన్ని పూర్తిచేయమంటే ఇంతకంటే ఏం జరుగుతుంది? అయినా ఒకటి అడగాలి. లిపి చూసి అరబీ అనుకోవడం సరే, నజ్మును ఇస్లాం అనుకోవడమేమిటి? డ్యూయీ వర్గీకరణలో ఉర్దూ సాహిత్యానికి 891.439, తెలుగు సాహిత్యానికి 894.827, ఇస్లాంకు 297. హిందువు కవిత రాస్తే సాహిత్యం గూట్లోకి పోతుంది. ముస్లిం కవిత రాస్తే 297కు ఎందుకు పోవాలి? పుస్తకం దేని గురించో రాయాల్సిన గడిలో, రాసినవాడు ఎవరో రాస్తున్నారు. బయట ఇల్లు అద్దెకడిగినప్పుడు జరిగేదే లోపలా జరుగుతోంది. పేరు వినగానే తీర్పు.

డిజిటల్ వివరాలకు 1995లో పునాది వేసిన డబ్లిన్ కోర్ పద్ధతిలో 15 అంశాలున్నాయి. ఒక్కో అంశాన్ని ఎన్నిసార్లయినా రాయొచ్చు. అంటే భాష దగ్గర తెలుగు, ఉర్దూ రెండూ రాస్తే యంత్రం కాదనదు. ఒకే మనిషికి రెండు భాషలూ తనవే అవుతాయని నమ్మనిది మనిషే.

యంత్రం తంటాలూ ఉన్నాయి. పదం మధ్యలో అరబీ 'యే', ఉర్దూ 'యే' కంటికి ఒకటే. కంప్యూటర్‌కు మాత్రం వేరు సంకేతాలు. ఒకదాంతో ఎక్కించి, ఇంకోదాంతో వెతికితే దొరకదు. రెంటినీ ఒకటిగా చూడమని ముందే చెప్పిపెట్టాలి. మహమ్మద్, ముహమ్మద్, మొహమ్మద్. షేక్, షేఖ్, షైక్ - ఒకే రచయిత పేరుకున్న ఈ రూపాలన్నిటినీ ఒకచోట ముడివేయాలి. పుస్తకం పేరు దాని సొంత లిపిలో ఉండాలి, ఇంగ్లీషు లిపి పక్కన ఉండాలి. సంవత్సరం అచ్చులో ఉన్నట్టే రాసి, పక్కన క్రీస్తుశకం చెప్పాలి. బస్తీలో రిటైరైన ఉర్దూ పంతుళ్లను పిలిచి కూర్చోబెడితే ఇవేవీ కష్టం కావు.

మన తప్పు మనమూ ఒప్పుకుందాం. మన కవితా సంకలనాలు ఎన్నింటి మీద సంవత్సరం ఉంటుంది? ఎన్నింటి మీద రచయిత పేరు రెండు లిపుల్లో ఉంటుంది? ఒక పుస్తకం మీద ఇంటిపేరుతో, ఇంకోదాని మీద అది లేకుండా అచ్చేసుకుంటాం. పైగా మమ్మల్ని గుర్తించడం లేదంటాం. గుర్తింపు గురించి ఇన్ని వ్యాసాలు రాసే మనం మన పుస్తకం రెండో పేజీ కూడా శ్రద్ధగా నింపాలి.

దిద్దమని ఆ గ్రంథాలయానికి రాశాను. కొన్నాళ్లకు మూడు గళ్లు మారాయి. నానా పేరొచ్చింది. అరబీ పోయి ఉర్దూ వచ్చింది. 1340 పక్కన ఫస్లీ చేరింది. అమ్మీకి చూపిస్తే తెర మీద అబ్బా పేరును వేలితో తడిమింది.

విషయం దగ్గర మాత్రం ఇంకా ఇస్లాం అనే ఉంది. మళ్లీ రాశాను.