తెలుగు సాహిత్యమున వృద్ధవ్యాధుడు

మృగయావర్ణనము తెలుగు ప్రబంధకవులకు మిక్కిలి ప్రియమైన వస్తువు. దండి తన కావ్యాదర్శమున మహాకావ్యమునకు వలసిన వర్ణనలను లెక్కించుచు నగర సముద్ర పర్వతములను, ఋతువులను, చంద్రసూర్యోదయములను, ఉద్యానవిహార జలక్రీడాదులను పేర్కొనెనే గాని మృగయను పేరు పెట్టి చెప్పలేదు. అయినను మన కవులు దానిని విడిచినవారు కారు. మనుచరిత్రమున స్వరోచి వేటను పెద్దన వర్ణించిన తీరు పండితులకు సుపరిచితము. వలలు, ఉరులు, జాగిలములు, డేగలు, అడవిపందులు, బోయల కేకలు - ఇవి యన్నియు మన కావ్యములలో పుష్కలముగా నున్నవి. కాని యిన్ని వేటలలో వేటాడుచు వేటాడుచు ముసలివాడైన నాయకుడు మాత్రము కానరాడు.

శేరిలింగంపల్లి మండలమందలి గచ్చిబౌలిలో, 1974లో నెలకొన్న విశ్వవిద్యాలయ ప్రాంగణమున, ఈ ఘట్టమును పాఠము చెప్పుట యొక వింత యనుభవము. పద్యములో జాగిలములు మృగములను తఱుముచుండును. వెలుపల బండలనడుమ పొదలలో చుక్కలజింకలు తిరుగుచుండును. ఒకనాడు తరగతిలో నొక విద్యార్థి లేచి, "అయ్యా, స్వరోచికి ఎన్ని యేండ్లు వచ్చినను మోకాళ్ళ నొప్పులు రావా?" అని యడిగెను. తరగతి యంతయు నవ్వినది. నేనును నవ్వితిని. ఇంటికి వచ్చి ఆలోచింపగా అది నవ్వి త్రోసివేయదగిన ప్రశ్న కాదని తోచినది. వేటయే జీవనమైన వానికి కన్ను మసకబాఱినపుడు, మోకాలు వంగనపుడు, చేయి వణకినపుడు కడుపు నింపువారెవరు? ఈ ప్రశ్నకు మన సాహిత్యమున సమాధానము కలదు. అది మృగయావర్ణనలలో గాక భక్తికథలలోను ధర్మకథలలోను దాగియున్నందున మనము దానిని చూడకున్నాము. దానిని చూపుటయే ఈ వ్యాసము ప్రయోజనము.

1

మొదట వేటలోని శరీరక్లేశమును గూర్చి. కవులు దానిని ఎఱుగనివారు కారు. కాళిదాసు శాకుంతలము ద్వితీయాంకమున విదూషకుడు కఱ్ఱపై ఆనుకొని నిలిచి తన బాధలను ఏకరువు పెట్టును: నడిమధ్యాహ్నము అడవులలో తిరుగుట, ఆకులు కుళ్ళిన చేదునీరు త్రాగుట, వేళగాని వేళ కాల్చిన మాంసము తినుట, గుఱ్ఱము వెంట పరుగుచే కీళ్ళు పట్టుట, రాత్రి నిదుర లేకుండుట. ఆ వెంటనే సేనాపతి వచ్చి వేటవలన క్రొవ్వు కరగునని, ఒడలు తేలికపడునని, కదలు గుఱిని కొట్టు నేర్పు అలవడునని స్తుతించును. కౌటిల్యుడును వ్యసనములను తులనము చేయుచు వేటకు ఇట్టి ఆరోగ్యగుణములనే చెప్పియున్నాడు.

ఇచ్చట గమనింపవలసినది విభాగము. వేటలోని ఆరోగ్యము రాజునకు చెందినది. నొప్పి విదూషకునకు చెందినది. నొప్పి నాయకుని శరీరమునకు వచ్చెనా, అది హాస్యము కాదు, రసభంగము. అందుచేత కవి దానిని హాస్యపాత్రకు అప్పగించి నాయకుని నొప్పి యెఱుగనివానిగా నిలిపెను. మన ప్రబంధకవులు నాటకమందలి విదూషకుని విడిచిరి. వానితోబాటు నొప్పియు పోయినది. స్వరోచి కథకు మూలమైన మార్కండేయపురాణమున ఆ భోగికి కనువిప్పు కలిగించినవి పక్షుల మాటలు, మృగముల మాటలు. కీళ్ళ నొప్పులు గావు.

2

రాజులలో వేటయు వార్ధక్యమును గలిసినవారు ఇద్దరు ప్రధానముగా కానవత్తురు. మొదటివాడు యయాతి. ఆదిపర్వమున నతడు వేటకై వెడలి దప్పిగొని నూతికడకు వచ్చి దేవయానిని వెలికి తీసినవాడు. ఆ కథయే నడచి నడచి శుక్రుని శాపమునకును, అకాలవార్ధక్యమునకును దారితీసినది. యయాతి తన ముదిమిని పూరునకిచ్చి వాని యౌవనమును తాను గ్రహించెను. పూరుని పితృభక్తిని మనము శ్లాఘింతుము, శ్లాఘింపదగినదే. కాని వృద్ధుడైన రాజునకు కుమారుని యౌవనము పుచ్చుకొను నధికారము కలదని ఈ కథ చెప్పకయే చెప్పుచున్నది.

రెండవవాడు దశరథుడు. యౌవనమున శబ్దవేధియై సరయూతీరమున ఏనుగనుకొని మునికుమారుని కొట్టెను. వార్ధక్యమున, రాముడు అడవికేగిన పిదప, ఆ రాత్రిని కౌసల్యకు చెప్పుచు ప్రాణము విడిచెను. ముసలి వేటకాని బాధ ఇచ్చట కీళ్ళయందు లేదు, జ్ఞాపకమునందున్నది. అంతకంటె ముఖ్యమైన దొకటి కలదు. ఆ బాణము కూల్చినది ఒక బాలుని మాత్రమే కాదు. కన్నులు లేని ముసలి తల్లిదండ్రులకు నీరు తెచ్చి యిచ్చు చేతిని. వార్ధక్యమునకు ఆధారము కుమారుని శ్రమయే యని, ఆ శ్రమ పోయిననాడు వృద్ధుడు బ్రదుకడని కవి నిర్దాక్షిణ్యముగా చూపినాడు.

3

ఇక రాజు కాని వేటకానికి వత్తము. కన్నప్పకథ తెలుగున పాల్కురికి సోమనాథుని బసవపురాణమునను, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వరమాహాత్మ్యమునను ప్రసిద్ధము. ధూర్జటి కావ్యమున తిన్నడు పొత్తపినాటి ఉడుమూరివాడు, తండ్రి నాథనాథుడు. పండ్రెండవ శతాబ్దమునాటి శేక్కిళార్ తమిళమున రచించిన పెరియపురాణమున ఆ తండ్రి పేరు నాగన్. అచ్చట నొక చిన్న ఘట్టము కలదు. అడవిమృగములు పెచ్చుపెరిగి పైరులు పాడుచేయుచున్నవని బోయలు దొరయొద్దకు వచ్చి మొఱపెట్టుకొందురు. నాగన్ తాను ముసలివాడనైతినని, మునుపటివలె వేటాడజాలనని యొప్పుకొని, కుమారుని దొరగా నిలుపును. దక్షిణదేశ సాహిత్యమున వేటకాడు తన ముదిమిని తన నోట నంగీకరించిన తావులలో నిది మిక్కిలి విలువైనదని నా యభిప్రాయము.

యయాతి కథను దీని ప్రక్కన నుంచి చూడుడు. రాజు ముదిమిని కుమారునికిచ్చి యౌవనమును తీసికొనెను. బోయదొర విల్లును, ఆధిపత్యమును ఇచ్చి బదులు ఏమియు తీసికొనలేదు. అతనికి కావలసినది కుమారుడు తెచ్చు మాంసము మాత్రమే. ఆ కుమారుడు తొలివేటకు వెడలి కొండపై శివుని చూచెను. మఱల కొండ దిగలేదు. తండ్రి వచ్చి పిలిచినను రాలేదు.

భక్తిదృష్టితో చదువువారు తిన్ననితో కొండమీదనే నిలిచిపోవుదురు. కథాలక్ష్యమును అదియే. అయినను విమర్శకుడు ఒక్కసారి కొండ దిగివచ్చు నా వృద్ధుని వెంట నడువవలెను. విల్లు విడిచినవాడు, పెక్కేండ్లు సంతానము లేక వేల్పును కొలిచి కన్న కొడుకును పోగొట్టుకొన్నవాడు. అతడు గూడెము చేరిన పిదప ఏమి తినెనో ఏ కవియు చెప్పలేదు.

అట్లని కవులు ఆ సంగతిని మఱచిరా? మఱవలేదని నాకు తోచుచున్నది. తిన్నడు శివునికి చేసిన సేవను పరిశీలింపుడు. దేవుడు అడవిలో ఒంటరిగా నున్నాడని, వండిపెట్టువారు లేరని, ఆకలిగొనియున్నాడని అతడు వగచును. ధూర్జటి తిన్నడు శివుని తన యూరికి రమ్మని పిలుచును. అచ్చటి సౌఖ్యములను వర్ణించి చెప్పును. మాంసమును కాల్చి, మెత్తనిదేదో రుచి చూచి యేర్చి తెచ్చును. నీటిని నోట బట్టి తెచ్చును. రాత్రి నిదురింపక కావలి కాయును. కంట నెత్తురు కాఱగా తన కన్ను పెఱికి యిచ్చును. ఇది దేవతార్చన కాదని పూజారి యనుకొనుట సహజమే. ఇది పండ్లూడిన ముసలివానికి, కన్ను చెడిన తండ్రికి, బోయవాని గుడిసెలో కొడుకు చేయు సేవ. తిన్నడు ఆగమము నేర్చినవాడు కాడు. తాను చూచిన సేవ యేదో దానినే చేసెను. నాథనాథునకు అందవలసిన ముద్ద లింగమునకు అందినది. భక్తి ఎక్కడినుండి తన రూపమును తెచ్చుకొన్నదో చెప్పుటకే ఈ మాట గాని, దానిని తగ్గించుటకు కాదు.

4

తండ్రికి అందిన సేవను చూడవలెనన్నచో ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వశేషమునకు పోవలెను. అందు కౌశికుడు మిథిలలో ధర్మవ్యాధుని కలిసికొనును. ఈ వ్యాధుడు తాను చంపడు. ఒరులు చంపిన మృగముల మాంసమును అంగడిలో నమ్మును. ధర్మసూక్ష్మములు చెప్పిన పిదప నతడు కౌశికుని ఇంటికి గొనిపోయి, చక్కని యాసనములపై సుఖముగా భుజించి కూర్చున్న తన వృద్ధ మాతాపితలను చూపి, వీరే నాకు దేవతలని చెప్పును. వ్యాధకులమున పుట్టిన ముసలివారికి ఆసనమును, అన్నమును, గౌరవమును ఒక్కచోట దొరకిన ఘట్టమిది.

ఇందలి పూర్వజన్మకథ మఱింత ఆలోచింపదగినది. ధర్మవ్యాధుడు పూర్వము బ్రాహ్మణుడై, ధనుర్విద్య తెలిసిన రాజుతో మైత్రిచే వేటకు పోయి, మృగమనుకొని ఋషిని కొట్టెను. వ్యాధుడవై పుట్టుమని శాపము. తల్లిదండ్రులకు సేవ చేయుదువని అనుగ్రహము. దశరథుని బాణమును ఈ బాణముతో పోల్చుడు. రెండును తెలియక తగిలినవే. ఒక బాణము ముసలివారికి కొడుకును లేకుండ చేసినది. రెండవ బాణమునకు ప్రాయశ్చిత్తము, ముసలివారికి కొడుకై పుట్టుట. వేటలోని పాపము వ్యాధవృద్ధుల సేవచే తీఱునని మహాభారతము నిర్ణయించినట్లు నేను గ్రహించుచున్నాను.

5

దీనికి ఆక్షేపణ రాకపోదు. వీరశృంగారప్రధానమైన ప్రబంధమున వార్ధక్యమును వెదకుట అనౌచిత్యము గాదా? ఔను, పెద్దనను ఆ లోపమునకు నిందించుట నా యుద్దేశము కాదు. అయితే ప్రబంధమందలి వేటయే తెలుగువాని వేట యని మనము పాఠ్యగ్రంథములలో వ్రాయుచున్నాము, అది సరికాదు. రాజునకు వేట వినోదము. అతని అంబులకు వెల లేదు, అతని కుక్కలకు కూటి ఖర్చు కానరాదు. కులవృత్తిగా వేటాడువాని లెక్క వేఱు.

ఆ లెక్కకు సాక్ష్యము కావ్యములకు వెలుపల దొరకును. హైమన్‌డార్ఫ్ 1940లో అమ్రాబాదు పీఠభూమిపై చెంచులనడుమ నివసించి, 1943లో ప్రకటించిన గ్రంథమున వారి జీవనాధారము ప్రధానముగా దుంపలు, పండ్లు సేకరించుటయే గాని వేట కాదని చూపినాడు. మనకు చెంచు అనగానే విల్లే తోచును. కావ్యము మనకు నేర్పిన యలవాటది. దుంప త్రవ్వువాడు ముదిమిలోను కొంతకాలము తన కడుపు తాను నింపుకొనగలడు. విల్లునమ్మినవానికి ఆ వెసులుబాటు లేదు. వింటికి వెదురు అడవి యిచ్చును. ములికికి ఇనుము మాత్రము కొనవలెను. బియ్యము, మందు కొనవలెను. వాని వెల యేటేట పెరుగును. చేతి బలము ఏటేట తఱుగును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పిదప వేట జీవనోపాయముగా నిలువదగినది కాదు. అడవియు కుదించుకొనిపోవుచున్నది. మన కన్నులయెదుటనే 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరముల నేలపై చెట్లు కూలుట మొదలిడగా, ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు దానిని నిలిపివేయవలసివచ్చెను.

ఆధునిక సాహిత్యమున ఈ లెక్కను మొగమాటము లేక వ్రాసినవారు డాక్టర్ కేశవరెడ్డి (1946-2015). నిజామాబాదు ప్రాంతమందలి డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యము చేసిన యీ రచయిత నవల "అతడు అడవిని జయించాడు"లో నాయకుడు ముసలివాడు. పందులు కాచువాడు; ఈనిన పందికై రాత్రివేళ ఒంటరిగా అడవి చొచ్చును. వృత్తిచే వేటకాడు కాకున్నను వాని విద్య వేటకానిదే: చప్పుడును వాసనను చదువుట, ఈటె పట్టుట, నక్కలను నిలువరించుట. హెమింగ్వే 1952లో ప్రకటించిన నవలలో ఎనుబదినాలుగు దినములు చేప దొరకని ముసలి జాలరితో నితనిని పోల్చుట పరిపాటి. ఆ పోలిక ఉచితమే గాని, మన సంప్రదాయమున నితని బంధువులు వేఱుగ నున్నారు. ఇతడు కొండ దిగివచ్చిన నాథనాథుడు. విల్లు అందుకొను కొడుకు లేనందున, ముదిమిలో మఱల తానే ఈటె పట్టినాడు. ప్రబంధనాయకుడు ఎఱుగని రెండు సంగతులు, శరీరపు అలసటయు, పోయిన జంతువు వెలయు, ఇచ్చట ప్రతిపుటను కథకు ఆధారములైనవి. గెలుపు ఓటములు అటుండగా, నొప్పిని విదూషకుని చేతినుండి మఱల నాయకుని శరీరమునకు తెచ్చిన గౌరవము ఈ నవలది.

కాబట్టి వృద్ధవ్యాధుని ప్రశ్నకు మన సాహిత్యము చెప్పిన సమాధానములు నాలుగు: యయాతివలె కొడుకునుండి పుచ్చుకొనుట, నాథనాథునివలె కొడుకునకిచ్చి ఒంటరియగుట, ధర్మవ్యాధుని తల్లిదండ్రులవలె సేవింపబడుట, కేశవరెడ్డి ముసలివానివలె తానే బయలుదేరుట. మొదటిది రాజులకే సాధ్యము. మూడవది ధర్మాత్ముడైన కొడుకు గలవారికే. తక్కినవారికి రెండవదియు నాల్గవదియు మిగిలినవి.

పరిశోధకవిద్యార్థులకు ఇందు చేయవలసిన పని చాల కలదు. కన్నప్పకథ తెలుగు తమిళ రూపములలో తండ్రి పాత్రను మాత్రమే తీసికొని పోల్చి చూడవలెను. నల్లమలలో నేడును విల్లు పట్టిననాళ్ళను తలచుకొను వృద్ధులున్నచో వారి మాటలను వారి పలుకుబడిలోనే వ్రాసికొనవలెను. ఆ పని ఆలసించినచో చేయుట కుదరదు. ఆనాడు తరగతిలో ప్రశ్న యడిగిన విద్యార్థికి నేను సమాధానము చెప్పలేకపోతిని. ఈ వ్యాసము ఆ బాకీలో కొంత. ఇందలి గుణదోషములను విజ్ఞులు పరిశీలింతురు గాక.