మట్టి మిద్దె, పెంకుల కప్పు: సువార్తల చారిత్రక పఠనం

యేసు సిలువ మరణం సుమారు క్రీ.శ. 30లో జరిగింది. నాలుగు సువార్తల్లో మొదటిదైన మార్కు సువార్త క్రీ.శ. 70 ప్రాంతంలో, మత్తయి, లూకా 80–90 మధ్య, యోహాను ఆ శతాబ్దం చివర వెలువడ్డాయని ఎక్కువమంది పండితుల అంచనా. యేసు మాట్లాడినది అరామిక్. సువార్తలు ఉన్నది గ్రీకులో. ఈ నలభై నుంచి డెబ్బై ఏళ్ల ఎడంలో కథ ఎలా నిలిచింది, ఎవరి నోట ఎలా మారింది, ఏది పాతది, ఏది తరువాత చేరింది అని అడిగే విద్యే సువార్తల చారిత్రక పఠనం.

ఇలాంటి ఎడం పల్నాటివారికి కొత్త కాదు. కారెంపూడి యుద్ధం 12వ శతాబ్దం చివరిది. శ్రీనాథుని పేర ఉన్న ద్విపద పల్నాటి వీరచరిత్ర 15వ శతాబ్దపు రచన. దాన్ని అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి 1911లో అచ్చు వేయించాడు. ఈ పుస్తకంతో నిమిత్తం లేకుండా వీరవిద్యావంతులు అదే కథను తరతరాలుగా పాడుతూ వచ్చారు. రాతకూ పాటకూ తేడాలున్నాయి. ఆ తేడాలు చూసి యుద్ధమే జరగలేదని ఎవరూ అనరు. వాటి ఆధారంగానే కథ నడిచిన దారిని వెతుకుతారు. సువార్తలకూ ఇదే వర్తిస్తుంది. పైగా అక్కడి ఎడం రెండు మూడు వందల ఏళ్లు కాదు, ఒకటి రెండు తరాలు మాత్రమే.

మత్తయి, మార్కు, లూకా సువార్తలు తెలుగులో 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. విశాఖపట్నంలో పనిచేసిన అగస్టస్ డిగ్రాంజెస్ అనువాదం అది. అమెరికా లూథరన్ మిషనరీ జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్ 1842లో గుంటూరు చేరి, 1849లో గురజాలకు వచ్చాడు. అంటే పల్నాటిలో లూథరన్ సంఘాలు మొదలయ్యేనాటికే తెలుగు అచ్చు సువార్త ఉంది. అచ్చులో చూసిన గ్రంథం మొదటి నుంచీ ఒకే రూపంలో ఉందనిపించడం సహజం. చారిత్రక పఠనం అచ్చుకు వెనక్కి, చేతిరాత ప్రతుల దాకా వెళ్తుంది.

అక్కడ మొదటి పని పాఠపరిష్కరణ. తాళపత్రాలు ఎరిగిన తెలుగు పండితులకు దీని మెళకువలన్నీ తెలుసు: ప్రతులు సేకరించడం, పాఠభేదాలు గుర్తించడం, లేఖక ప్రమాదాన్నీ ప్రక్షిప్తాన్నీ వేరు చేయడం. సి.పి. బ్రౌన్ వేమన పద్యాలకు చేసిన పని ఇదే. మార్కు సువార్త 16వ అధ్యాయంలో 9 నుంచి 20 దాకా ఉన్న వచనాలు 4వ శతాబ్దపు సైనాయ్, వాటికన్ ప్రతులు రెండింటిలోనూ లేవు. అక్కడ కథ, ఖాళీ సమాధి నుంచి స్త్రీలు భయపడి పారిపోవడంతో ఆగిపోతుంది. లేఖకుడు అర్థం కానిదాన్ని సుగమం చేస్తాడే గాని, సుగమంగా ఉన్నదాన్ని కఠినం చేయడు. కాబట్టి ఆ అర్ధాంతరపు ముగింపే పాతదని నిర్ణయిస్తారు.

రెండోది, సువార్తలను పక్కపక్కన పెట్టి చదవడం. మార్కులోని విషయంలో నూటికి తొంభై పాళ్లు మత్తయిలో, సగానికి పైగా లూకాలో కనిపిస్తుంది. మాటల వరసా చాలాచోట్ల ఒకటే. ఆ ఇద్దరి ముందూ మార్కు ప్రతి ఉందని ఎక్కువమంది ఒప్పుకుంటారు. ఈ పోలిక ఎంత చూపగలదో కపెర్నహూములోని ఒక ఇంటి కప్పు చెబుతుంది. పక్షవాతం వచ్చిన మనిషిని నలుగురు యేసు దగ్గరికి మోసుకొచ్చారు. జనం కిక్కిరిసి ఉన్నారు. ఇంటి పైకెక్కి అతణ్ణి కిందికి దించారు. మార్కు వాడిన గ్రీకు క్రియకు అర్థం ‘తవ్వారు’ అని. పాత తెలుగు అనువాదంలో అది ‘సందుచేసి’ అయి, తవ్వడమన్నది మరుగున పడింది. దూలాల మీద కట్టెలు పరిచి మట్టి మెత్తిన మిద్దెలు చూసినవారికి తవ్వడమంటే ఏమిటో వివరించనక్కరలేదు. గలిలయ పల్లె ఇళ్లూ అలాంటివే. లూకా మాత్రం ‘పెంకులు’ విప్పారని రాశాడు. ఆయన పాఠకులు గ్రీకు పట్టణాలవారు, వారి కళ్లెదుట ఉన్నవి పెంకుటిళ్లు. మత్తయి కప్పు ఊసే ఎత్తలేదు. లూకా అబద్ధం రాయలేదు. తన ఊరివారికి అర్థమయ్యేలా చెప్పాడు. మట్టి కప్పు చెప్పినవాడు సంఘటన జరిగిన నేలకు దగ్గరగా ఉన్నాడు. ఇలాంటి చిన్న వివరాలే పాఠం వయసు చెబుతాయి, ఈ విద్యలోని అందమూ వాటిలోనే ఉంది.

మూడోది, రాతకు ముందున్న నోటి కథను వెతకడం. 1919లో మార్టిన్ డిబేలియస్, 1921లో రుడాల్ఫ్ బుల్ట్‌మన్ ఈ పద్ధతికి రూపం ఇచ్చారు. ప్రతి చిన్న కథా ఏదో ఒక అవసరానికి, ఏదో ఒక కూడికలో చెప్పుకున్నదని వారి వాదం. కారెంపూడి వీరుల ఉత్సవం ఎరిగినవారికి ఇది తేలిగ్గా పట్టుబడుతుంది. కార్తీక అమావాస్యతో మొదలయ్యే ఆ అయిదు రోజులకు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని పేర్లు. ఏ రోజు ఘట్టం ఆ రోజుది. ఉత్సవమే కథను ఘట్టాలుగా నిలిపింది. రొట్టె విరిచే కూడికలు, బాప్తిస్మాలు, బోధలు సువార్త కథలను అలాగే మలిచాయి. ‘తలీతా కుమీ’, ‘ఎప్ఫతా’ వంటి అరామిక్ మాటలు గ్రీకు కథనంలో యథాతథంగా మిగలడానికి ఆ నోటి వాడుకే కారణం కావచ్చు.

నాలుగోది, రచయిత చేతిని గుర్తించడం. మత్తయి ధన్యులన్నది ఆత్మ విషయంలో దీనులైనవారిని. లూకాలో ఆ మాట నేరుగా బీదలతోనే. గుంటూరు సీమ లూథరన్ సంఘాల్లో మొదట చేరినవారిలో ఎక్కువమంది దళితులు. కూలి చేసుకు బతికే మనిషికి ఈ రెండు పాఠాల తేడా పండితుల సూక్ష్మం మాత్రమే కాదు. రెంటినీ కలిపేసి చదివితే ఇద్దరు రచయితలకూ అన్యాయమే.

ఇక జరిగిందేమిటన్న ప్రశ్న. సంఘానికి ఇబ్బంది కలిగించే విషయాన్ని సంఘమే కల్పించుకోదు. యేసు బాప్తిస్మమిచ్చు యోహాను చేత బాప్తిస్మం పొందడం అలాంటిది: గురువు ఎవరన్న ప్రశ్న అందులోనే ఉంది. పొంతి పిలాతు అధికారంలో మరణశిక్షను సువార్తలతో పాటు, క్రైస్తవుల మీద ఏ అభిమానమూ లేని రోమను చరిత్రకారుడు టాసిటస్ కూడా 2వ శతాబ్దం ఆరంభంలో నమోదు చేశాడు. ఈ రెండింటినీ దాదాపు చరిత్రకారులందరూ అంగీకరిస్తారు.

పునరుత్థానం జరిగిందో లేదో చెప్పడం ఈ పద్ధతుల వల్ల కాదు. ఆ నమ్మకం ఎంత పాతదో మాత్రం చెప్పగలవు. పౌలు కొరింథీయులకు మొదటి పత్రికను క్రీ.శ. 50ల మధ్య, అంటే మార్కు సువార్తకు సుమారు పదిహేనేళ్ల ముందు రాశాడు. యేసును తిరిగి చూసినవారి పేర్లు అందులో వరసగా ఉన్నాయి. ఆ జాబితా తనకు ఇతరుల నుంచి అందిందేనని పౌలే అక్కడ చెప్పుకున్నాడు.