ఎర్రచందనానికి ఏ పూత?

తిరుపతి అంగళ్లలో ఎర్రచందనం రాజారాణి బొమ్మలు రెండు రకాలుగా కనిపిస్తాయి. ఒకటి ట్యూబులైటు కింద అద్దంలా తళతళలాడుతుంది. రెండోది మసకగా, చేత్తో నిమిరితే నున్నగా ఉంటుంది. కొనేవాళ్ల చెయ్యి ముందు మెరిసేదాని మీదికే పోతుంది. నా ఓటు మాత్రం రెండోదానికే.

మరపాచి బొమ్మలని మనం పిలుచుకునే ఈ జంట బొమ్మల కొలువులో పైమెట్టు మీద కూర్చుంటుంది. పెళ్లికూతురితో అత్తవారింటికి వెళుతుంది, పసిబిడ్డ నోట్లోకీ వెళుతుంది. కాబట్టి పూత విషయంలో చెక్కనూ చూడాలి, నోటినీ చూడాలి.

ముందు చెక్క సంగతి. ఎర్రచందనం సహజంగా పెరిగేది ముఖ్యంగా శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండల్లోనే. అంతరించే జాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో 1995 నుంచి ఉంది. చేవ ఎంత బరువంటే నీళ్లలో మునుగుతుంది. అంత చిక్కని చెక్కలోకి ఏ నూనే లోతుగా ఇంకదు. ఆ ఎరుపంతా సాంటాలిన్ అనే రంగుపదార్థానిది. అది నీళ్లలో పెద్దగా కరగదు గానీ స్పిరిట్ తగిలితే ఇట్టే దిగుతుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. బజారులో అందరికీ తెలిసిన పాలిష్ లక్కను స్పిరిట్లో కరిగించినదే. గుడ్డ ముంచి బొమ్మ మీద రుద్దితే మొదటి వరసకే గుడ్డ ఎర్రబడుతుంది. చేవ పక్కన తెల్ల చెక్క కాస్త మిగిల్చి చెక్కిన బొమ్మైతే ఆ తెలుపంతా ఎరుపు మరకలే. లక్కే కావాలనుకుంటే మొదటి పూత రుద్దకుండా బ్రష్‌తో ఒక్కసారి పల్చగా వేసి, పూర్తిగా ఆరాకే రెండోది వెయ్యాలి. ఉప్పుకాగితం పట్టిన తర్వాత ఎర్రపొట్టును స్పిరిట్ గుడ్డతో కాక పొడి బ్రష్‌తో దులపడం కూడా ఇందుకే.

నిజానికి పూత పని చెక్క కోసిన రోజే మొదలవుతుంది. దుంగ పక్కలకంటే కోసిన కొనల నుంచి తేమ ఎన్నో రెట్లు వేగంగా పోతుంది, కొనలు పగులుతాయి. అక్కడ మైనం పూసి నీడన నిదానంగా ఆరనివ్వాలి. పచ్చి చెక్క మీద వేసిన పూత ఎంత మంచిదైనా నిలవదు.

నేను మెచ్చే పూత తేనెమైనం, అవిసెనూనె. ఒక వంతు మైనానికి మూడు నాలుగు వంతుల నూనె కలిపి, వేడినీళ్ల గిన్నెలో పెట్టి కరిగించాలి. పల్చగా పూసి, కాసేపాగి, మిగిలినదంతా నూలుగుడ్డతో తుడిచెయ్యాలి. కొబ్బరినూనె ఆరదు, దుమ్ము పట్టి జిడ్డవుతుంది. అవిసెనూనె గాలి తగిలి గట్టిపడుతుంది. అయితే రంగుల దుకాణంలో అమ్మే ‘బాయిల్డ్’ నూనెలో త్వరగా ఆరడానికి లోహ లవణాలు కలుపుతారు. పిల్లల బొమ్మకు అది వద్దు. తినే అవిసెనూనె ఆరడానికి వారాలు పడుతుంది, ఆగాలి. తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పారేస్తే తనంత తానే వేడెక్కి అంటుకోవచ్చు. పరిచి ఆరబెట్టాలి.

వార్నిష్ అంటే నాకు కోపం ఒక కారణానికే. మరపాచి ముఖం లోతుగా చెక్కరు. కన్ను, ముక్కు, నగల గీతలు అన్నీ పైపైనే. మందపాటి పూత ఆ గీతల్లో నిండిపోతుంది. కొన్నేళ్లకు పెచ్చులూడితే గోకి మళ్లీ వెయ్యాలి, ఆ గోకుడుకు ముక్కు కూడా అరిగిపోతుంది. మైనమైతే ఏటా కొలువుకు ముందు ఒక పొర రాస్తే సరి. మన ఎండల్లో కారులో వదిలితే మెత్తబడుతుంది, అంతవరకూ జాగ్రత్త పడాలి.

ఇది అన్ని చెక్కలకూ వర్తించే మాట కాదు. ఏటికొప్పాకలో అంకుడు కర్ర తెల్లన, మెత్తన. దానికి పూత రక్షణా, అందమూ. లేత్ మీద తిరుగుతున్న బొమ్మకు రంగు లక్కను ఆనిస్తే రాపిడి వేడికే కరిగి పరుచుకుంటుంది, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. తిరుగుడు మీద చేసే గుండ్రని బొంగరానికీ గిలకకూ కుదిరిన పద్ధతి ఉలితో చెక్కిన రాణికి కుదరదు. ఏటికొప్పాకలో సహజ రంగులను మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది.

ఏ పూతైనా కనపడే వైపు మాత్రమే వేస్తే చాలదు. అమెరికాలో బాతులను పిలవడానికి ఊదే చెక్క ఈలలు చేసేవాళ్లకూ ఇదే చిక్కు. పైన ఎంత పూసినా ఊపిరి తడి లోపలి గొట్టానికి తగులుతుంది కనుక లోపల కూడా కాపాడాలి. మన బొమ్మకు చదునైన వీపూ, అడుగూ అలాంటి చోట్లే. ఎవరూ చూడరని వాటిని వదిలేస్తే వానాకాలం తేమ అటునుంచే ఎక్కుతుంది. ఒక వైపు ఉబ్బి, మరో వైపు బిగిసి చెక్క చీలుతుంది. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో టేకు, వేప విగ్రహాలు చెక్కించుకునేవాళ్లు కూడా పీఠం కిందిభాగానికి పూత వేయించుకోవడం మంచిది.

రంగు వేసిన బొమ్మైతే సీసం సంగతి అడగాలి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు దాటకూడదని మన దేశంలో 2017 నుంచి నియమం ఉంది. పసిపిల్లల చేతికిచ్చేదానికి పాత డబ్బా రంగు తాకించకూడదు.

అమ్మమ్మ కాలం నాటి మరపాచి ఇంట్లో నల్లబడి ఉంటే అది మురికి అనుకోవద్దు. వెలుతురుకు ఎర్రచందనం ముదురుతుంది, ఏ పూతా దాన్ని పూర్తిగా ఆపలేదు. ఉప్పుకాగితం వద్దు, స్పిరిట్ అసలే వద్దు. పొడిగుడ్డతో తుడిచి, వీపుతో సహా గోరంత మైనం రాసి, మర్నాడు మెత్తని పంచెగుడ్డతో రుద్దండి.