నాలుగు బొమ్మల కోడి

పోయిన ఆదివారం పొద్దున కూచున్నవాణ్ని మధ్యాహ్నం అన్నానికి పిలిచేదాకా లేవలేదు. అంతసేపూ చేసిన పని ఒక ఎర్ర చుక్కని ఎడమకి జరపడం, నచ్చక మళ్లీ కుడికి తేవడం. ఆ చుక్క నాటుకోడి తల మీది తురాయి. కుడివైపు ఉంటే కోడి టోపీ పెట్టుకున్నట్టుంది. ఎడమకి జరిపితే ఎవరో రాయి విసిరి కొట్టినట్టుంది. ఆఖరికి తురాయిని వదిలేసి తలనే ఒక గడి కిందికి దించాను. అప్పుడు కుదిరింది.

కోడి మొత్తం 16 గడుల పొడవు, 16 గడుల ఎత్తు. 256 గడుల్లో సగం ఖాళీ, మిగతా సగంలో ఐదు రంగులు. దీన్నే పిక్సెల్ ఆర్ట్ అంటున్నారు. గోదావరి జిల్లా మిత్రుడొకడు చూసి, ‘ఇంతకీ ఇది డేగా, కాకా?’ అనడిగాడు. పందెం కోళ్ల ఈకల రంగుల్లో అన్ని తేడాలు చూసేవాళ్లకి ఐదు రంగులతో సమాధానం చెప్పలేం. కోడి అని గుర్తుపట్టాడు, నాకంతే చాలు.

నేను వాడేది గింప్. బర్కిలీలో ఇద్దరు విద్యార్థులు 1995లో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్, ఇప్పటికీ ఉచితమే. ఫొటోలు దిద్దేవాళ్లకీ పనికొచ్చేది కాబట్టి దాని చెయ్యి నునుపు వైపే పోతుంది. బ్రష్ తీసి గీస్తే అంచులో అడక్కుండానే నాలుగు బూడిదరంగు ఛాయలు కలుపుతుంది. నా మొదటి రెండు కోళ్లూ వానలో తడిసినట్టు వచ్చింది అందుకే. బ్రష్ కాదు, పెన్సిల్ తీసుకోవాలి. పరిమాణం ఒకటి పెట్టుకోవాలి. గీయడం అయ్యాక బొమ్మని పెద్దది చేసేటప్పుడు ఇంటర్‌పొలేషన్ అన్నచోట ‘నన్’ ఎంచుకోవాలి. ఎనిమిది రెట్లో పది రెట్లో, పూర్తి సంఖ్యలోనే పెంచాలి. ఒకటిన్నర రెట్లు పెంచి చూశాను. కొన్ని గడులు లావెక్కాయి, కొన్ని సన్నబడ్డాయి, కోడికి ఒక కాలు బోదకాలైంది.

ఈ పని ముగ్గులాంటిదే కదా అన్నారు ఒకరిద్దరు. నేనొప్పుకోను. ముగ్గులో చుక్క దారి చూపిస్తుంది, నడిచేది గీత. ఇక్కడ గీతే లేదు, ఉన్నవన్నీ చుక్కలే. పోలిక కావాలంటే పోచంపల్లి దగ్గరుంది. అక్కడ డిజైన్ ముందు గ్రాఫ్ కాగితం మీదికి ఎక్కుతుంది, ఆ గడుల లెక్క ప్రకారం నూలుకి ముళ్లు కట్టి రంగులో ముంచుతారు. అయితే ముడి కిందికి రంగు కాస్త పాకి, చీర మీద అంచులు ఈకల్లా చెదురుతాయి. చీరకి అందం అదే. నా కోడికి అదే జరిగితే చెరిపేసి మళ్లీ గీసుకోవాలి.

చిన్నప్పుడు వేసవి సెలవుల్లో టీవీకి తగిలించుకుని ఆడిన మారియోని ఇప్పుడు గడులు లెక్కపెట్టుకుంటూ చూస్తున్నాను. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్‌లో చిన్న మారియో ఎత్తు 16 చుక్కలు. ఒంటి మీద మూడే రంగులు. జుట్టూ మీసమూ చొక్కా బూట్లూ అన్నీ ఒకటే గోధుమరంగు. అంతకు నాలుగేళ్ల ముందు డాంకీ కాంగ్ కోసం ఆ మనిషిని మొదట గీసినప్పుడు, అన్ని కొద్ది చుక్కల్లో జుట్టు గీయడం కష్టమని ఆ ఆట రూపొందించిన మియామోతో టోపీ పెట్టేశాడు. ముక్కు తేలి కనిపించాలని మీసం పెట్టాడు. చేతులు ఊగడం తెలియాలని వేరే రంగు తొడుగు వేశాడు. లోకమంతా గుర్తుపట్టే ఆ వేషం ఇరుకు గదిలో సామాను సర్దుకోవడం లాంటిది. ఇక సూపర్ మారియోలో నడకకి వాడింది మూడు బొమ్మలే. మేం రోజుల తరబడి పరిగెత్తించింది ఆ మూడు బొమ్మల్నే అని తెలిశాక కాస్త మోసపోయినట్టూ, బోలెడంత గౌరవం కలిగినట్టూ అనిపించింది.

నా కోడికి నడక రావడానికి మాత్రం మా అమ్మ కావలసి వచ్చింది.

గింప్‌లో ఒక్కో లేయర్ ఒక్కో ఫ్రేము. లేయర్ పేరు పక్కన అది ఎన్ని మిల్లీసెకన్లు నిలవాలో రాస్తే, జిఫ్‌గా ఎగుమతి చేసేటప్పుడు అదే లెక్క తీసుకుంటుంది. ఒక ఫ్రేము గీసి, దాని మీది లేయర్‌ని సగం పారదర్శకం చేసుకుని, కింద కనిపిస్తున్న పాత బొమ్మని చూస్తూ కొత్తది గీస్తాను. అలా కాళ్లు మార్చి, ఒళ్లంతా ఫ్రేముకొక చుక్క ముందుకి జరిపాను. కదిలింది. కదిలింది కానీ తాడు కట్టి లాగే చెక్కబొమ్మలా కదిలింది. అమ్మ వెనక నిలబడి చూసి, ‘కోడి అలా నడవదురా. ముందు తల పెడుతుంది, తర్వాత ఒళ్లు లాక్కుంటుంది’ అంది. పాతికేళ్లు పెరట్లో కోళ్లని సాకిన మనిషి.

పక్కింటి కోడిని ఫోన్‌లో వీడియో తీసి ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాను. ఇదేమీ నేను కనిపెట్టిన ఉపాయం కాదు. జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు పరిగెత్తుతుంటే, దూకుతుంటే వీడియో తీసి, దాన్నిబట్టే 1989లో ప్రిన్స్ ఆఫ్ పర్షియా అనే ఆటలో యువరాజుని నడిపించాడు. నాకు తమ్ముడి బదులు పెట్ట దొరికింది. అమ్మ మాటే నిజం. కోడి అడుగు వేస్తుంటే తల గాల్లో మేకు కొట్టినట్టు ఉన్నచోటే ఉంటుంది. ఒళ్లు దాని కిందికి వచ్చి చేరుతుంది. అప్పుడు తల విసురుగా ముందుకి పోయి మళ్లీ ఆగుతుంది. చుట్టూ ఉన్నది కళ్లకి చెదరకుండా కనబడాలంటే తలని అలా నిలపాలి దానికి.

ఇక మిగిలింది లెక్క. ఒళ్లు ఫ్రేముకి ఒక చుక్క జరుగుతుంది. తల మొదటి రెండు ఫ్రేముల్లో కదలదు, తర్వాతి రెండింటిలో రెండేసి చుక్కలు జరుగుతుంది. నాలుగు ఫ్రేములయ్యేసరికి తలా ఒళ్లూ సమానం. కాళ్లు రెండూ ఒకే పసుపు కాబట్టి ఏ కాలు ముందుందో ఎవరికీ తెలియదు, ఆ నాలుగు బొమ్మలే రెండో అడుగుకీ సరిపోయాయి. ఈ దొంగతనం నాకు చాలా నచ్చింది. ఫ్రేముకి 100 మిల్లీసెకన్లు పెట్టి మీట నొక్కాను. గీసినవాణ్ని నేనే, అయినా గుండె ఒకసారి ఝల్లుమంది. కదలని రెండు ఫ్రేముల వల్లే అది బతికిన కోడి అయింది.

1978 నాటి స్పేస్ ఇన్‌వేడర్స్ ఆటలో ఒక్కో శత్రువుకి రెండేసి బొమ్మలే అని తెలిశాక నాలుగు కూడా దుబారాయేమో అన్న అనుమానం పట్టుకుంది. రెండుకి తగ్గించి చూశాను. నడవడం మానేసి వణికింది. నాలుగే ఉంచాను.

ఇప్పుడు 64 చుక్కల పెరడుని ఈ కొస నుంచి ఆ కొసకి దాటుతోంది. ఒళ్లు జరగాల్సిన దూరం 48 చుక్కలు కాబట్టి 48 ఫ్రేములు, ఐదు సెకన్లలోపే అయిపోతుంది. నాకు పట్టింది మూడు వారాలు. అమ్మకి చూపించాను. రెండుసార్లు చూసింది. ‘మరి పిల్లలేవిరా?’ అంది. ఒక్కో పిల్లకి తొమ్మిది గడులు అనుకున్నాను. మొదటిదానికి కన్ను పెట్టడానికి చోటు చాలడం లేదు.