మేస్త్రి లాగే మూల

పునాదికి ముగ్గు పోసే ముందు తాపీ మేస్త్రి మూలలో మేకు కొట్టి రెండు దారాలు లాగుతాడు. ఒకదానిమీద 3 అడుగులు, రెండోదానిమీద 4 అడుగులు కొలిచి గుర్తు పెడతాడు. గుర్తుల మధ్య టేపు సరిగ్గా 5 అడుగులు చూపితేనే మూల మట్టానికి వచ్చినట్టు.

ఎంత అందమైన పని!

గది పెద్దదైతే 6, 8, 10 పడతాడు. చిన్న కొలతలో దొర్లిన తేడా గోడ చివరికి బాగా పెరుగుతుంది మరి. 10 అడుగులకు 12 అడుగుల గదికైతే రెండు భుజాల వర్గాలు 100, 144 కలిపి 244. వర్గమూలం సుమారు 15.62. అంటే ఐమూల 15 అడుగుల ఏడున్నర అంగుళాలు.

యజ్ఞవేదికల కోసం చెప్పిన బౌధాయన శుల్బసూత్రాల్లోనూ ఇదే సూత్రం. శుల్బమంటే తాడు. మేస్త్రి రెండో ఐమూలా కొలుస్తాడు, అంతే వచ్చాక ముగ్గు అందుకుంటాడు.